సందేహం నుంచి ప్రార్థన: ఏలూరు, కొల్లేటి ప్రాంత దళిత క్రైస్తవుల చరిత్రపై కొన్ని ఆలోచనలు

దళితులు క్రైస్తవంలోకి ఎందుకు పోయారన్న ప్రశ్నకి మన చరిత్ర పుస్తకాల్లో రెండే జవాబులు దొరుకుతాయి. బువ్వ కోసం పోయారని అగ్రవర్ణ చరిత్రకారులు అంటారు. దేవుడు పిలిచాడు గనక పోయారని మిషనరీలు రాసుకున్నారు. ఈ రెండు జవాబులూ ఒకదానికొకటి ఎదురు నిలబడ్డట్టు కనబడతాయి గానీ రెంటిలోనూ ఒకే లోపముంది. మాలపల్లెలోని మనిషికీ మాదిగ గూడెంలోని మనిషికీ ఆలోచన ఉంటుందనీ, ఆ ఆలోచనలో అనుమానం పుడుతుందనీ, ఆ అనుమానాన్ని తీసుకెళ్ళి నేరుగా దేవుడి ముందే పెట్టగలరనీ రెండు పక్షాలూ ఒప్పుకోవు. ఒకరు కడుపుని చూశారు, ఇంకొకరు ఆత్మని చూశారు. మధ్యలో ఉన్న మనిషిని చూసినవాళ్ళు తక్కువ.

మా వాదన ఇది. ఈ ప్రాంతంలో దళితుల ప్రార్థన నమ్మకం కుదిరాక మొదలైంది కాదు. ఏమీ తేలని స్థితిలో, తేలనందుకే మొదలైంది. సంఘం, మిషను, ప్రార్థన పుస్తకం తర్వాత వచ్చాయి. కాబట్టి సందేహమొస్తే విశ్వాసం పోయినట్టేనని మందిరంలో చెప్పే మాటని మన చరిత్ర ఒప్పుకోదు.

పగోలు వెంకయ్య కథ సి.ఎం.ఎస్. సంఘాల్లో పెద్దవాళ్ళకి తెలిసిందే. అయినా ఇంకోసారి చెప్పుకోవాలి. చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో బందరుకి వచ్చారు. నోబుల్ 1843లో పెట్టిన బడి అగ్రకులాల పిల్లల కోసం పెట్టింది. పైకులాలు మారితే కిందికులాలు వాటంతటవే వస్తాయన్నది అప్పటి లెక్క. 1854లో ఏలూరు కూడా మిషను స్టేషనయింది. ఇన్నేళ్ళూ పల్లె వైపు ఎవరూ పెద్దగా చూడలేదు. పల్లే వాళ్ళని వెతుక్కుంటూ వచ్చింది.

వెంకయ్య బెజవాడకి అవతల, కృష్ణా పడమటి పల్లెల్లోని రాఘవాపురం మనిషి. మాల. విగ్రహాలు దేవుళ్ళు కావని ఎవరో అనగా విని, వాటికి మొక్కడం మానేశాడు. మానేశాక ఆయన చేతిలో ఏముంది? ఏమీ లేదు. మిషనరీని చూడలేదు, బైబిలు ఎరగడు. ఆ ఖాళీలోనే రోజూ ఒక ప్రార్థన చేసేవాడు. గొప్ప దేవుడివి ఎవరైతే ఉన్నావో, నువ్వెవరు, ఎక్కడున్నావు, నాకు కనబడు అన్నది దాని సారం. దాంట్లో స్తోత్రం లేదు, పాపం ఒప్పుకోలు లేదు, యేసు పేరు లేదు. ఉన్నవి రెండు ప్రశ్నలు, ఒక అడుగుడు. ఆ తర్వాత బెజవాడలో టి.వై. డార్లింగ్ అనే మిషనరీ చెప్పింది విని, ఇన్నాళ్ళూ నేను వెతికింది ఈయన్నే అన్నాడు. 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. 1891లో చనిపోయాడు. తెలుగు సి.ఎం.ఎస్. సంఘాల్లో మాలల ఉద్యమానికి మొదలు ఆయనే.

ఈ కథ మనదాకా వచ్చింది మిషనరీల కలం నుంచి. కాబట్టి జాగ్రత్తగానే చదవాలి. వాళ్ళకి ఇందులో నచ్చింది ముగింపు: వెతికాడు, దొరికింది. మాకు ముఖ్యమనిపించేది మొదలు. మిషనరీలు ఒక ప్రార్థనని కల్పించదలిస్తే దాంట్లో క్రీస్తు పేరు పెట్టుకునేవారు గానీ, పేరు తెలియని దేవుణ్ణి నిలదీసే మాటలు పెట్టరు. అందుకే ఈ ప్రార్థన నిజంగా పల్లెలోదే అని మేము నమ్ముతున్నాం. ఒక అంటరాని మనిషి, చదువు లేని కాలంలో, దేవుణ్ణి గుర్తింపు అడిగాడు. ఊళ్ళో కామందు ముందు నువ్వెవరు అని అడగగలిగే మనిషి కాదు ఆయన. ఆకాశం వైపు చూసి అడిగాడు.

దీన్ని పక్కన పెట్టుకుని 1936 నాటి ఒక సంభాషణ చూడండి. అమెరికా క్రైస్తవ నాయకుడు జాన్ మోట్‌తో మాట్లాడుతూ గాంధీజీ, మీరు ఆవుకి సువార్త చెబుతారా అని అడిగాడు. అంటరానివాళ్ళలో కొందరు తెలివిలో ఆవుకన్నా తక్కువనీ, ఏ మతం మేలో వాళ్ళు తేల్చుకోలేరనీ ఆయన ఉద్దేశం. దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ఆ రోజుల్లోనే గాంధీజీతో ఈ విషయంలో విభేదించాడు. 1912లో ఇంగ్లండు సంఘానికి మొదటి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందిన అజరయ్య పల్లెల్లో తిరిగిన మనిషి, ఎవరు ఏం తేల్చుకోగలరో ఆయనకి తెలుసు. కానీ గాంధీజీకి సరైన జవాబు అప్పటికి డెబ్బై ఏడేళ్ళ ముందే వెంకయ్య ఇచ్చేశాడు. రెండు దేవుళ్ళ మధ్య తేల్చుకోవడం కూడా కాదు ఆయన చేసింది. ఏ దేవుడూ చేతిలో లేని చోట నిలబడి అడిగాడు. అంతకన్నా కష్టమైన ఆలోచన ఏముంటుంది?

వెంకయ్య మానేసిన పాత మొక్కుల సంగతి కూడా చూడాలి. లేకపోతే మానడానికి ఎంత ధైర్యం కావాలో తెలియదు. కలరా, మశూచి వచ్చినప్పుడు ఊరంతా అమ్మవారి వైపు చూసేది. పోలేరమ్మ, అంకమ్మ, గంగానమ్మ. ఏలూరులో గంగానమ్మ జాతర ఈనాటికీ ఏడేళ్ళకోసారి జరుగుతుంది. కొల్లేటి మధ్యన కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ తిరునాళ్ళకి చుట్టుపక్కల జనమంతా కదులుతారు. ఈ జాతరల్లో డప్పు లేకుండా పని జరగదు. డప్పు మాదిగవాడిది. దున్నపోతుని నరికే పని, పొలి చల్లే పని, ఊరి దోషాన్ని పొలిమేర దాటించే పని దళితులది. అమ్మవారి కోపాన్ని ఊరి తరఫున మోసేది వాడ. ఇది గౌరవం అని కొందరు మిత్రులు ఈమధ్య రాస్తున్నారు. కొంత నిజమే కావచ్చు. అయితే ఆ గౌరవం జాతర మూడ్నాళ్ళకే గదా, నాలుగోనాడు మళ్ళీ బావి దగ్గర దూరం నిలబడాల్సిందే.

క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు డప్పు కొట్టమన్నారు, చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు. అది ఊరిని ధిక్కరించడమే. ఆ తర్వాత కలరా వస్తే ఎవరి మీద పడతారు? మీ మూలాన్నే అమ్మకి కోపమొచ్చిందని ఊరు అంటుంది. అప్పుడు పల్లెలో రెండు భయాలు ఒక్కసారే పుడతాయి. ఊరు కొడుతుందేమోనన్నది ఒకటి. నిజంగానే అమ్మవారికి కోపమొచ్చిందేమోనన్నది రెండోది. ఈ రెండో భయం గురించి మిషన్ రిపోర్టుల్లో మాట్లాడితే వెనక్కి జారిపోవడం అని రాస్తారు. మాకది జారిపోవడంలా కనబడదు. ఇంట్లో బిడ్డకి వాంతులవుతుంటే, కొత్త దేవుడు చూస్తున్నాడో లేదో తెలియక, పాత అమ్మ పగబట్టిందో లేదో తెలియక, రాత్రంతా మోకాళ్ళ మీద ఉన్న తల్లి ప్రార్థనలో ఎంత అనుమానముందో అంత తెగింపూ ఉంది.

ఇంక ఈ నేల గురించి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. గోదావరి నుంచి వచ్చే కాలవ, కృష్ణ నుంచి వచ్చే కాలవ ఏలూరులో కలుస్తాయి. డెల్టా పచ్చబడింది, కామందుల గాదెలు నిండాయి, దళితుడు పాలేరుగానే మిగిలాడు. కొల్లేటి కథ ఇంకా వేరు. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు దీంట్లోకి వస్తాయి. పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. వానలు ఎక్కువైతే సరస్సు లేచి చేలమీదికొస్తుంది, తగ్గితే నేల బయటపడుతుంది. ఈ ఏడు పంట చేతికొస్తుందా అన్న ప్రశ్న లంక గ్రామాల్లో ప్రతి ఏడూ కొత్తగానే ఉంటుంది. సొంత పొలం లేనివాడికి ఆ ప్రశ్న మరీ పదును. పొలం మునిగితే ఆసామికి పంట పోతుంది, కూలికి పనే పోతుంది.

ఇలాంటి చోట ఆదివారం అన్నది చిన్న సంగతి కాదు. ఏడు రోజుల్లో ఒకరోజు మేము పనికి రామని పాలేరు అనడం ఈ దేశంలో అంతకుముందు లేదు. కోతల కాలంలో అంటే మరీను. దీని మీద కామందులకీ కొత్త క్రైస్తవులకీ గొడవలైన సంగతి ఒంగోలు మిషను చరిత్రలో బాగా కనబడుతుంది. ప్రార్థనకి పోవడమంటే ఆ రోజు కూలి వదులుకోవడం, మర్నాడు పని ఉంటుందో లేదో తెలియకపోవడం. మందిరానికి పోయే దారిలోనే సందేహం మొదలయ్యేది. అయినా పోయారు. దాన్ని సమ్మె అనాలా, భక్తి అనాలా అని కార్మిక చరిత్ర రాసేవాళ్ళు ఎప్పుడూ ఆలోచించలేదు.

బువ్వ మాట తప్పించుకోవాలని మాకు లేదు. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని పెట్టాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలిచ్చారు. బువ్వ వాదానికి ఈ జవాబు చాలని మన పాస్టర్లు చెబుతారు. చాలదని మేమంటాం. ఎందుకంటే ఈ జవాబులో కూడా, బువ్వ కోసం దేవుణ్ణి అడగడం తక్కువ రకం ప్రార్థన అన్న ఒప్పుకోలు దాక్కుని ఉంది. ప్రభువు నేర్పిన ప్రార్థనలోనే ఏనాటి తిండి ఆనాడు ఇమ్మని అడగమని ఉంది గదా. రేపటి గింజ ఉన్నవాడికి ఆ మాట అలంకారం. లేనివాడికి అది ఆ రోజు సంగతి. మన సంఘాల్లో స్త్రీలు వంటకి బియ్యం కడిగేముందు గుప్పెడు తీసి దేవుడి పేర వేరే కుండలో వేసేవారు. అత్తెసరు గింజలున్న రోజునా వేసేవారు. కూడు కోసం మతం మారారని రాసినవాళ్ళ కంట ఈ గుప్పెడు బియ్యం పడలేదు.

మిషన్లు పాతుకున్న కొద్దీ ప్రార్థన రూపం మారింది. ఏలూరు వైపు సి.ఎం.ఎస్., తర్వాత దోర్నకల్ మేత్రాసనం, 1947 నుంచి దక్షిణ ఇండియా సంఘం. తాడేపల్లిగూడెం వైపు లూథరన్లు. వాళ్ళది రాజమండ్రిలో 1840ల్లో జర్మన్లు మొదలుపెట్టి 1851లో అమెరికన్లకి అప్పగించిన మిషను, 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘమైంది. కింద నర్సాపురం, పాలకొల్లు వైపు 1836 నుంచీ బ్రదరన్ వాళ్ళు. మిషన్లు పొలాలు పంచుకున్నట్టు ఊళ్ళు పంచుకున్నాయి. మనవాళ్ళ చుట్టరికాలు ఆ గట్లని లెక్కచేయలేదు. గూడెం పిల్ల ఏలూరు కోడలైతే లూథరన్ కాస్తా సి.ఎం.ఎస్. అయిపోయేది. నర్సాపురం ఇస్తే పుస్తకం లేని ప్రార్థన నేర్చుకునేది. ఆ ఆడపిల్లలే మూడు మిషన్ల ప్రార్థనల్నీ కలిపి పల్లెలో ఒక భాష చేశారని మా అభిప్రాయం.

మందిరంలో మాత్రం ఇంకో భాష. బాప్తిస్మానికి ముందు ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం కంఠతా రావాలి. ప్రశ్నోత్తరాల పుస్తకంలో ప్రతి ప్రశ్నకీ జవాబు ముందే అచ్చయి ఉంటుంది, జవాబు లేని ప్రశ్నకి చోటు లేదు. పాడే కీర్తనల్లో చాలావాటిని రాసింది పురుషోత్తమ చౌదరి (1803–1890), బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చినవాడు. రాగం, తాళం, సంస్కృత సమాసం. అందమైనవే, మా తాతలు గుండెల్లో పెట్టుకుని పాడినవే. కాదనం. కానీ ప్రార్థన అన్న మాటే పల్లెకి కొత్త. పల్లెలో ఉన్న మాటలు మొక్కు, మనవి, మొర. మొక్కులో బేరముంటుంది: నువ్విది చెయ్యి, నేనది ఇస్తాను. మనవి అధికారి ముందు చేసేది. మొర మాత్రం ఎవరూ వినరేమోనన్న భయంతోనే పెట్టేది. వింటారని ఖాయంగా తెలిస్తే మొర అవసరమే లేదు. తెలుగు బైబిల్లో కీర్తనల గ్రంథం నిండా ఈ మాటే ఉండడం మన అదృష్టం. చదువురాని మన ముసలమ్మలకి ఆ గ్రంథం అంత దగ్గరవడానికి కారణం ఇదేననిపిస్తుంది. అందులో దావీదు దేవుణ్ణి ఎందుకు మొహం దాచుకున్నావని అడుగుతాడు. ప్రశ్నోత్తరాల పుస్తకం అడగనివ్వనిది గ్రంథమే అడిగింది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువా 1941లో గబ్బిలం రాసినప్పుడు, ఆయన కావ్యంలోని పేదవాడు తన గోడు శివుడి చెవిన వేయమని గబ్బిలాన్ని కాశీకి పంపాడు. అదీ మొరే. దేవుడి చిరునామా మారినా మొర తీరు మారలేదు.

ప్రార్థన జనాన్ని జోకొడుతుందని వామపక్ష మిత్రులు చాలాకాలంగా చెబుతున్నారు. కొన్నిచోట్ల జోకొట్టిన మాట నిజం. అయితే 1985 జూలై 17న కారంచేడులో ఆరుగుర్ని చంపినప్పుడు ప్రాణాలరచేత పట్టుకుని పరుగెత్తిన జనం ఎక్కడ తలదాచుకున్నారు? చీరాల చర్చి ఆవరణలో. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపాక? తెనాలి సాల్వేషన్ ఆర్మీ కాంపౌండులో. ఇవి మా ప్రాంతం కాకపోయినా, మా పల్లెలకి అందిన పాఠం పెద్దది. కామందు అనుమతి లేకుండా వందలమంది దళితులు ఒకచోట కూర్చోగలిగిన నేల కోస్తాలో అప్పటికి మిషను కాంపౌండు ఒక్కటే. ప్రార్థన కోసం ఇచ్చిన స్థలం శిబిరమైంది. దళిత మహాసభ ఆ నేల మీదే పుట్టింది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఇరవై మూడేళ్ళు మొర పెట్టుకున్నవాళ్ళకి అందిన జవాబు అది. అలాంటి తీర్పు విన్న రోజు రాత్రి కుటుంబ ప్రార్థనలో ఏం అనాలో ఏ ప్రార్థన పుస్తకంలోనూ లేదు.

ఇప్పుడు అసలు కష్టమైన విషయానికి వస్తాం. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారిన దళితుల్ని బి.సి. ‘సి’లో పెట్టి ఒక శాతం ఇచ్చారు. శాసనసభ 2009లో ఒకసారి, 2023లో ఒకసారి ఎస్సీ హోదా ఇమ్మని తీర్మానం చేసింది. 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ని వేసింది. ఈలోగా 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు, బాప్తిస్మం తీసుకుని క్రమంగా చర్చికి పోయే మనిషి రిజర్వేషన్ కోసం హిందువునంటే అది రాజ్యాంగాన్ని మోసగించడమే అంది. 2025లో మన హైకోర్టు, పాస్టరుగా ఉన్నవాడు అట్రాసిటీ చట్టం కింద రక్షణ కోరలేడంది.

దీనర్థమేమిటో పల్లెలో అందరికీ తెలుసు. ప్రార్థన సాక్ష్యమైంది, మనకి వ్యతిరేకంగా. బడి రికార్డులో ఒక పేరు, మందిరంలో ఒక పేరు ఉన్న మనుషులం మనం. పెళ్ళి మందిరంలో చేసుకుంటే రిజిస్టరులో ఎక్కుతుంది, ఎక్కితే పిల్లల సర్టిఫికెట్టుకి ఏమవుతుందోనని తల్లిదండ్రులు రాత్రంతా మాట్లాడుకుంటారు. తిట్టేవాడు కులం పేరుతోనే తిడతాడు, నువ్వు ఏ చర్చికి పోతావని అడిగి తిట్టడు. దళితుల విశ్వాసం నిజమైనదా అని ఒకప్పుడు మిషనరీ అనుమానించాడు, ఇప్పుడు తహసీల్దారు అనుమానిస్తున్నాడు. మన సందేహం మాత్రం ఎప్పుడూ దేవుడున్నాడా అన్నది కాదు. ఉంటే ఈ కాగితాల లోకంలో ఎవరి పక్కనున్నాడన్నది. దీన్ని మన సంఘ పెద్దలు పులపిట్ మీద మాట్లాడకపోవడం మమ్మల్ని బాధపెట్టే విషయం. ఆదివారం దేశం కోసం, పాలకుల కోసం ప్రార్థిస్తారు, 1950 ఉత్తర్వు గురించి ఒక్క మాటుండదు.

కొల్లేరు మీద కూడా ఇలాంటి కాగితాలే పనిచేశాయి. 1970ల్లో పేదల సొసైటీల పేరున చేపల చెరువులు మొదలయ్యాయి. చాలాచోట్ల లీజుల రూపంలో పెట్టుబడి ఉన్నవాళ్ళ చేతిలోకి పోయాయి. 1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమంది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువు గట్లు పేల్చేశారు. సరస్సుని బతికించడం అవసరమే. కానీ చెరువు మీద కూలికి పోయే దళితుడికి లీజుదారు వచ్చినప్పుడూ చెప్పినవాడు లేడు, గట్టు పేలినప్పుడూ చెప్పినవాడు లేడు.

చివరిగా ఏలూరు పట్టణం. 2020 డిసెంబరు 5, శనివారం. ఉన్నట్టుండి మనుషులు రోడ్ల మీద, ఇళ్ళల్లో మూర్ఛొచ్చి పడిపోవడం మొదలైంది. మర్నాడు క్రిస్మస్ ముందు వచ్చే ఆగమన కాలపు రెండో ఆదివారం. కరోనా ఏడాది, అప్పటికే జనం బెదిరిపోయి ఉన్నారు. కొద్దిరోజుల్లో ఆరొందల మందికి పైగా ఆసుపత్రికి చేరారు, ఒకరు చనిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయన్నారు. తర్వాత పురుగుమందుల అవశేషాలన్నారు. నీళ్ళా, కూరగాయలా, ఇంకేమన్నానా అన్నది జనానికి నమ్మకం కుదిరేట్టు ఎవరూ చెప్పలేదు. చాలామంది ఒకటి రెండు రోజుల్లో లేచి ఇంటికొచ్చారు. ఎందుకు పడ్డారో తెలియదు, ఎందుకు లేచారో తెలియదు. రోగానికి పేరుంటే ఆ పేరు పెట్టి ప్రార్థిస్తారు. ఆ వారం ఏలూరులో పేరు లేని రోగం కోసం, తాగే బిందెడు నీళ్ళని కూడా అనుమానిస్తూ ప్రార్థించాల్సి వచ్చింది. పూర్వం కలరా నాటి తల్లికీ ఈ తల్లికీ మధ్య నూటయాభై ఏళ్ళు, రెండు ఆనకట్టలు, ఒక రాజ్యాంగం ఉన్నాయి.

ఈ చరిత్ర రాయడానికి మన దగ్గరున్న ఆధారాలు ఏమిటి? పాత సంఘాల్లో బాప్తిస్మపు రిజిస్టర్లున్నాయి. వాటిలో పేరు, తండ్రి పేరు, ఊరు, చేసే పని, ఇచ్చిన అయ్యగారి సంతకం ఉంటాయి. ఆ మనిషి ఆ రోజు దేవుణ్ణి ఏమడిగాడో రాసే గడి లేదు. అది మన ఇళ్ళల్లో ముసలమ్మల నోట్లో ఉంది, ఉపవాస కూడికల్లో అర్ధరాత్రి దాటాక పుస్తకం మూసేసి అడిగే మాటల్లో ఉంది. టీచర్లూ విద్యార్థులూ ఆ మాటల్ని వినాలి, వాళ్ళొప్పుకుంటే రాసిపెట్టాలి. పేర్లు రాయొద్దు. ఈ రోజుల్లో ప్రార్థన చేసిన మనిషి పేరు కాగితం మీద పెట్టడం ఎవరికి ఎక్కడ అడ్డమొస్తుందో చెప్పలేం.